కాపరికీ తీర్పు ఉంది



ఈ వారం మేము రాసే సంగతి తీపిగా ఉండదు. చాలా కాలంగా రాయాలనుకుని వాయిదా వేస్తూ వచ్చాం. మొన్న శుక్రవారం ఉపవాస కూడిక అయ్యాక మన సంఘపు పెద్దాయన ఒకరు అందరూ వెళ్లేదాకా ఆగి, చాప మీద అలాగే కూర్చుని ఒక ప్రశ్న అడిగారు. ఆ ప్రశ్న మమ్మల్ని ఇక వాయిదా వేయనివ్వలేదు.

"అయ్యగారూ, ఆ కొరియా దైవజనుడు జైలు శిక్షలో ఉండగానే చనిపోయాడట గదా. మరి ఆనాడు ఆయన సభలో నేను ఏడ్చి చేసిన ప్రార్థన ఎవరికి వెళ్లినట్టు?"

మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2002లో చెన్నై మెరీనా బీచ్‌లో పెద్ద స్వస్థత సభలు జరిగాయి. సియోల్ నగరంలోని మన్మిన్ సెంట్రల్ చర్చి స్థాపకుడు లీ జే-రాక్ వాటికి ప్రసంగీకుడు. మన జిల్లాల నుంచి కూడా విశ్వాసులు రైళ్లెక్కి వెళ్లారు. ఈ పెద్దాయన తన భార్యను తీసుకుని వెళ్లారు. ఆ తల్లికి అప్పటికే రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. మిరప కోతల మీద వచ్చిన డబ్బులు ఖర్చు పెట్టుకుని, ఇసుకలో దుప్పటి పరుచుకుని, మైకులో ప్రార్థన వినబడినప్పుడల్లా ఆమె తల మీద చెయ్యి పెట్టి ఏడ్చారు. ఆమె స్వస్థపడలేదు. తర్వాత పదకొండు నెలలకు ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. "నీకు విశ్వాసం చాలలేదు" అని అప్పట్లో ఎవరో అన్న మాట ఆయన ఇప్పటికీ మోస్తున్నారు.

ఆయన ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ముందు ఆ మనిషికి జరిగిన తీర్పు సంగతి మీకు సరిగ్గా చెప్పాలి. మన మధ్య దాని గురించి సగం సగం మాటలే తిరుగుతున్నాయి.

లీ జే-రాక్ 1982లో కొద్దిమందితో సంఘం మొదలుపెట్టాడు. ఏడేళ్లు రోగాలతో మంచాన పడి ఉండగా దేవుడు తనను బాగుచేశాడని సాక్ష్యం చెప్పేవాడు. మనలాంటి పేదవాళ్ల హృదయాన్ని తాకే సాక్ష్యమే అది. సంఘం పెరిగింది. సభ్యులు లక్షా 30 వేలకు పైగా ఉన్నారని చెప్పుకునే స్థాయికి చేరింది. ఆయన ప్రార్థించిన చేతిరుమాళ్లు దేశదేశాలకు వెళ్లాయి. ఆయన ప్రార్థిస్తే ఉప్పునీరు మంచినీరయిందని ఆ సంఘం చాటింది. ఆయన పుస్తకాలు అనేక భాషల్లోకి వెళ్లాయి.

అయితే హెచ్చరికలు కూడా ముందే వచ్చాయి. 1990లో ఆయన ఉన్న సంఘ సమాజమే ఆయనను బయటికి పంపింది. 1999లో కొరియా క్రైస్తవ సంఘాల సమాఖ్య ఆయన బోధను దుర్బోధగా తీర్మానించింది. అదే ఏడాది మే నెలలో ఎంబీసీ అనే టీవీ సంస్థ ఆయన మీద ఒక కార్యక్రమం ప్రసారం చేస్తుంటే, ఆయన విశ్వాసులు గుంపుగా ఆ కార్యాలయంలోకి చొరబడి ప్రసారాన్ని ఆపేశారు. చెన్నై సభలు దీని తర్వాత మూడేళ్లకు జరిగాయి. ఇవన్నీ అప్పుడు మన ఊళ్లకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. పెద్ద వేదిక, పెద్ద జనం కనబడితే చాలనుకున్నాం.

2018లో ఆ దేశంలో ఒక స్త్రీ తర్వాత ఒక స్త్రీ లేచి, పెద్ద స్థానాల్లో ఉన్నవాళ్లు తమకు చేసిన అన్యాయాన్ని బయటపెట్టడం మొదలుపెట్టారు. ఆ కాలంలోనే మన్మిన్ సంఘపు ఆడబిడ్డలు కొందరు కూడా నోరు విప్పారు. చిన్నప్పటి నుంచీ ఆ సంఘంలోనే పెరిగిన పిల్లలు వాళ్లు. పాస్టరు పిలిస్తే వెళ్లారు. ఇది పరలోకం లాంటిదని, ఏదెను తోటలో ఆదాము హవ్వలు ఎలా ఉన్నారో అలా ఉండాలని ఆయన చెప్పాడని వాళ్లు సాక్ష్యమిచ్చారు. ఆయన మాట కాదంటే దేవుని మాట కాదన్నట్టే అని నమ్మారు గనుక కాదనలేకపోయామన్నారు.

2018 నవంబరు 22న సియోల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఎనిమిది మంది స్త్రీల మీద అత్యాచారాలు రుజువయ్యాయి. 15 ఏళ్ల జైలు. అప్పటికి ఆయన వయసు 75. ఆయన తన ప్రసంగాల ద్వారా తనను తాను దైవంగా చూపుకున్నాడని, ఆ అధికారానికి పూర్తిగా లోబడిపోయిన ఆ యువతులు ఎదిరించే స్థితిలో లేరని న్యాయస్థానం చెప్పింది. పై కోర్టు 2019లో శిక్షను 16 ఏళ్లకు పెంచింది. అదే ఏడాది ఆగస్టులో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. తర్వాత జబ్బు ముదిరినందున శిక్ష అమలు నిలిపి బయటికి పంపగా, 2023 డిసెంబరు 31న ఆయన చనిపోయాడు.

ఆయన చివరి వరకూ నేరం ఒప్పుకోలేదు. సంఘం వైపు నుంచి వచ్చిన మాట ఏమిటంటే, ఆ అమ్మాయిలు సంఘంలోనుంచి వెలివేయబడినందుకు కక్షతో అబద్ధాలు చెబుతున్నారని. తీర్పు రోజున వందమంది దాకా విశ్వాసులు కోర్టు గదిని నింపారు. ఆ ఆడబిడ్డల కోసం కాదు, ఆయన కోసం.

ప్రియులారా, ఈ వార్త మొదటిసారి చదివినప్పుడు మాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో దాచకుండా చెబుతాం. "వాడు దుర్బోధకుడు, మనం కాదు" అనుకున్నాం. ఊపిరి పీల్చుకున్నాం. ఆ ఆదివారం దాని మీద ప్రసంగం కూడా సిద్ధం చేసుకున్నాం. అబద్ధ ప్రవక్తలు గొర్రెల తోలు కప్పుకుని వస్తారన్న ప్రభువు హెచ్చరిక మీద ఐదు అంశాలు రాసుకున్నాం.

శనివారం రాత్రి అమ్మగారు ఆ కాగితం చూసి పక్కన పెట్టేశారు. "వేరేవాళ్ల తోడేళ్ల గురించి రేపు చెబుతారు సరే. మన ఇంటి గుమ్మం దాకా వచ్చిన తోడేలు సంగతేమిటి? ఆ పిల్ల ఆ రోజు చెప్పింది మనం విన్నామా?" అన్నారు.

ఏ పిల్లో మాకు వెంటనే తెలిసింది. అదే మమ్మల్ని ఎక్కువ గుచ్చింది. మేము మరచిపోలేదు. గుర్తు లేనట్టు బతుకుతున్నాం.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. మన మందిరం ఇంకా రేకుల షెడ్డుగా ఉన్న రోజులు. మూడు రోజుల సువార్త కూటాలకు వేరే జిల్లా నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిచాం. బాగా మాట్లాడేవాడు. మా ఇంట్లోనే బస. రెండో రోజు సాయంత్రం మన సంఘంలోని ఒక ఆడబిడ్డ, అప్పటికి పెళ్లి సంబంధాలు చూస్తున్న పిల్ల, వణుకుతూ వంటింట్లోకి వచ్చి అమ్మగారి పక్కన నిలబడింది. నీ మీద ఒక బంధకం ఉంది, దాని వల్లే పెళ్లి కుదరడం లేదు, ఒంటరిగా వస్తే ప్రార్థించి తెంచుతానని ఆయన పిలిచాడట. వెళ్లింది. తర్వాత జరిగింది పూర్తిగా చెప్పలేక, "ఆయన చెయ్యి మంచిది కాదమ్మగారూ" అని మాత్రం అంది.

అమ్మగారు మమ్మల్ని పిలిచారు. మేము ఆ పిల్లకు చెప్పిన మాట ఇది: "దైవజనుడి మీద నింద వేస్తే శాపం తగులుతుందమ్మా. బయట నోరు జారకు. ప్రార్థన చేసుకో."

ఆ రాత్రి కూటం యథావిధిగా జరిగింది. ఆయనే ప్రసంగించాడు. మేము పక్కన కూర్చుని ఆమెన్ అన్నాం. చివరి రోజున శాలువా కప్పి, కానుక కవరు ఇచ్చి, బస్సెక్కించి వచ్చాం. ఆ పిల్ల రెండు మూడు వారాల తర్వాత మందిరానికి రావడం మానేసింది. ఆమె విశ్వాసంలో చల్లారిపోయిందని ప్రార్థన మనవుల్లో ఆమె పేరు చదివింది కూడా మేమే.

సియోల్‌లో పేర్చి కట్టిన అబద్ధపు గోడకు ఒక ఇటుక మన ఊళ్లోనూ దొరుకుతుందని ఆ శనివారం రాత్రి మాకు అర్థమైంది. లీ జే-రాక్ ఒక్కడే అంతమందిని నోరు మూయించలేడు. ఆయన చుట్టూ "దైవజనుడి మీద మాట్లాడకు" అని చెప్పేవాళ్లు ఉండాలి. అలా చెప్పేవాళ్లు దుర్మార్గులే కానక్కర్లేదు. మాలాంటి వాళ్లు, వంటింటి గుమ్మంలో నిలబడి సంఘం పరువు గురించి భయపడేవాళ్లు చాలు.

మేము ఆ పిల్లను భయపెట్టడానికి వాడింది వాక్యాన్నే. 105వ కీర్తనలో అభిషిక్తులను ముట్టకూడదని ఉన్న మాటను మన వేదికల మీద ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. అయితే ఆ కీర్తన విప్పి మొదటి నుంచి చదవండి. అది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు గురించి. గుప్పెడు మందిగా, పరదేశులుగా, దేశదేశం తిరుగుతున్న వాళ్లను రాజులు హింసించకుండా దేవుడు కాపాడిన సంగతి అది. బలవంతుల చేతిలో నుంచి బలహీనులను తప్పించిన మాటను మేము తీసుకుని, బలహీనురాలి మీద బలవంతుడికి డాలుగా పట్టాం.

దావీదు సౌలును చంపలేదు, నిజమే. కానీ 1 సమూయేలు 24వ అధ్యాయంలో, ఆ గుహ బయట నిలబడి, అందరూ వినేలా సౌలు చేస్తున్న అన్యాయాన్ని ముఖం మీదే చెప్పాడు. చెయ్యి ఎత్తకపోవడం వేరు, నోరు ఎత్తకపోవడం వేరు. ఆ దావీదే రాజయ్యాక బత్షెబ విషయంలో తప్పు చేస్తే, దేవుడు నాతానును పంపి రాజుగారి ఇంట్లోనే వేలెత్తి చూపించాడు. అభిషేకం తప్పును కప్పే దుప్పటి అయితే నాతాను ప్రయాణం దేనికి?

ఏలీ సంగతి ఇంకా భయంకరం. 1 సమూయేలు 2వ అధ్యాయం చూడండి. ఆయన కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు యాజకులు. ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర సేవ చేసే స్త్రీలతోనే వాళ్లు పాపం చేశారు. ఏలీ విన్నాడు. మందలించాడు కూడా. అయినా పదవిలో నుంచి తీసేయలేదు. దేవుడు లెక్క అడిగినప్పుడు కుమారులను మాత్రమే అడగలేదు. తెలిసి ఊరుకున్న ముసలి యాజకుణ్ణి కూడా అడిగాడు. ఇన్నేళ్లలో ఆ అధ్యాయం మీద మేము చాలాసార్లు ప్రసంగించాం. ప్రతిసారీ మమ్మల్ని మేము బాల సమూయేలు పక్కన నిలబెట్టుకున్నాం. ఆ రాత్రి మాత్రం ఏలీ కుర్చీ మా కిందే ఉందని తెలిసింది.

2 సమూయేలు 13లో తామారు ఉంది. అన్న వరసైన అమ్నోను ఆమెను పాడుచేశాక, సొంత అన్న అబ్షాలోము ఆమెకు చెప్పింది ఊరుకోమని. తండ్రి దావీదుకు కోపం వచ్చింది, అంతే. ఏమీ చేయలేదు. ఆ రోజున ఆమె కోసం ఎవరూ లేవలేదు. కానీ పరిశుద్ధాత్మ ఆమె పేరును, ఆమె చింపుకున్న వస్త్రాన్ని, ఆమె కేకను వాక్యంలో రాయించి ఉంచాడు. ఇంట్లోవాళ్లు ఊరుకోమన్నారు. దేవుడు ఊరుకోలేదు.

ద్వితీయోపదేశకాండము 22లో ఇంకో మాట ఉంది. పొలంలో ఒంటరిగా దొరికిన ఆడపిల్ల మీద ఒకడు బలాత్కారం చేస్తే, ఆమెలో తప్పు లేదని ధర్మశాస్త్రం చెబుతుంది, ఎందుకంటే ఆమె కేక వేసినా రక్షించేవాళ్లు అక్కడ లేరు. మనుషులు లేని చోటే పొలం అనుకునేవాళ్లం మేము. చుట్టూ లక్షమంది విశ్వాసులు ఉన్నా ఒక్కరూ నమ్మని చోట కూడా పొలమే. సియోల్ న్యాయమూర్తులు చెప్పింది ఇంచుమించు ఇదే. ఆ బిడ్డలు ఎందుకు ఎదిరించలేదని కాదు, ఎదిరించగలిగే మనసును ముందే ఎవరు కట్టేశారని వాళ్లు చూశారు.

ఇలాంటి తీర్పు వచ్చినప్పుడల్లా కొందరు విశ్వాసులు "ఇది హింస, సాతాను దాడి" అంటారు. పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయంలో ఈ తేడాను అపొస్తలుడే స్పష్టం చేశాడు. క్రైస్తవుడైనందుకు బాధపడితే సిగ్గుపడనక్కర్లేదు. హంతకుడుగా, దొంగగా, కీడు చేసినవాడుగా బాధపడితే అది సాక్ష్యం కాదు, శిక్ష. మందిరంలో మేము చేయవలసిన పనిని చేయనప్పుడు, దేవుడు కోర్టు చేత చేయించాడు. రోమా పత్రిక 13వ అధ్యాయం చెప్పే అధికారం అదే. అలాగని ఆయన పడిపోయినందుకు మనం సంతోషించకూడదు, శత్రువు పతనాన్ని చూసి పొంగిపోవద్దని సామెతలు మనకు నేర్పాయి. ఆ సంఘంలో ఈ రోజుకీ ఆయనే నిర్దోషి అని నమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం కూడా ప్రార్థించాలి. నమ్మినదాన్ని వదులుకోవడం అంటే జీవితంలో సగం వదులుకోవడమే.

మేము ఆ చెల్లి దగ్గరకు వెళ్లాం. అత్తగారింటికి వెళితే ఆమెకు ఇబ్బంది అవుతుందని, క్రిస్మస్‌కు పుట్టింటికి వచ్చినప్పుడు అమ్మగారూ మేమూ కలిశాం. క్షమించమని అడిగాం. సాకులు చెప్పలేదు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "ఆయన చెయ్యి విదిలించుకుని పరిగెత్తి వచ్చాను అయ్యగారూ. అప్పుడు ఏడవలేదు. మీరు నమ్మలేదు చూడండి, అప్పుడు ఏడ్చాను."

పోలీసులకు చెబుదామా అని అడిగాం. తోడు వస్తామన్నాం. ఆమె వద్దంది. ఆ నిర్ణయం ఆమెది గనుక మేము బలవంతపెట్టలేదు. కానీ ఆ ప్రసంగీకుణ్ణి పిలుస్తున్న సేవకులకు ఒక్కొక్కరికీ మేము ఫోన్ చేసి, ఆమె ఎవరో తెలియనివ్వకుండా, మా ఇంట్లో జరిగింది చెప్పాం. కొందరు మానేశారు. కొందరు మా మీదే కోపపడ్డారు. "సేవకుడి పరువు తీస్తున్నారు" అన్నారు. ఆ మాట మాకు కొత్త కాదు, ఒకప్పుడు మా నోటిదే.

ఆమె మమ్మల్ని క్షమించింది. కానీ మన మందిరానికి తిరిగి రాలేదు. "క్షమించాను గానీ అక్కడ కూర్చోలేను" అంది. మేము రమ్మని మళ్లీ అడగలేదు. క్షమాపణ దొరికింది గనుక అన్నీ పాతలాగే అయిపోవాలని కోరడం కూడా ఒక రకమైన దబాయింపే. ఆమె అనుమతితోనే ఇది రాశాం. ఆమె ఎవరని మీలో ఎవరూ ఆరా తీయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాం.

అప్పటి నుంచి మన సంఘంలో వచ్చిన మార్పులు మీకు తెలుసు, కారణం మాత్రం ఇప్పుడు తెలుస్తోంది. ప్రార్థన గదికి తలుపు తీసేసి తెర కట్టింది అందుకే. స్త్రీలకు ప్రార్థన అమ్మగారూ, పెద్ద సహోదరీలూ చేసేది అందుకే. బయటి నుంచి వచ్చే ప్రసంగీకుల గురించి వాళ్ల సొంత సంఘంలో విచారించాకే పిలిచేది అందుకే. ప్రతి నెలా కానుకల లెక్క అందరి ముందూ చదివేది కూడా అందుకే, డబ్బు విషయంలో ప్రశ్నించడం అలవాటైన సంఘం మిగతా విషయాల్లోనూ ప్రశ్నిస్తుంది. బెరయలోని విశ్వాసులు పౌలు చెప్పిందాన్నే లేఖనాలు విప్పి పరిశీలించారు. పౌలుకు కోపం రాలేదు. పౌలు కంటే మేము పెద్దవాళ్లం కాదు.

ఆడబిడ్డలారా, మీకు ఒక మాట. ఏ సేవకుడైనా, మాతో సహా, ఒంటరిగా రమ్మన్నా, ఇంట్లో చెప్పవద్దన్నా, అది దేవుని స్వరం కాదు. వచ్చి చెప్పండి. మేము విననట్టయితే పెద్దలకు చెప్పండి. వాళ్లూ విననట్టయితే 181కి ఫోన్ చేయండి. చిన్నపిల్లల విషయమైతే 1098 ఉంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద ఇలాంటిది జరిగిందని తెలిసి దాచడం 2012 పోక్సో చట్టం కింద నేరం. "సంఘంలోనే పరిష్కరించుకుందాం" అనే మాట అక్కడ చెల్లదు. తల్లిదండ్రులు, సండే స్కూల్ టీచర్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక పెద్దాయన ప్రశ్న. ఆ శుక్రవారం జవాబు చెప్పలేకపోయిన మేము, ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఇంటికి వెళ్లాం. వేపచెట్టు కింద మంచం వేశారు. మేము చెప్పింది ఇంతే: "పెద్దయ్యా, ఆ ఇసుకలో మీరు ఏడ్చింది మైకులో మాట్లాడినవాడి ముందు కాదు. ఆ మైకులో ఎవరున్నా మీ ప్రార్థన మీ భార్య కోసం, మీ దేవునికి. అది ఆయన దగ్గరకే వెళ్లింది. అమ్మ చనిపోయింది మీ విశ్వాసం చాలక కాదు. ఆ మాట అన్నవాళ్ల తరఫున, సేవకుల తరఫున మేము క్షమాపణ అడుగుతున్నాం."

ఆయన లోపలికి వెళ్లి పెట్టెలో నుంచి ఒక పాత గుడ్డ సంచి తెచ్చారు. అందులో ఆ సభల కరపత్రం ఉంది. మడతలు పడి, అక్షరాలు చెరిగిపోయి ఉంది. దాని వెనక పెన్సిలుతో ఆమె పేరు రాసి ఉంది. దీన్ని చించాలా అని అడిగారు. ముందు వైపు బొమ్మ సంగతి వదిలేయండి, వెనక పేరు ఉంది గదా, ఉంచుకోండి అన్నాం. ఆయన మళ్లీ మడిచి సంచిలో పెట్టుకున్నారు.

ప్రార్థన చేద్దాం.

ప్రభువా, నీ మందను మేపుతామని వచ్చి నీ గొర్రెలను బాధించినవాళ్లను నీవు చూశావు. చూసి ఊరుకున్న మమ్మల్ని కూడా చూశావు. యెహెజ్కేలు ద్వారా నీవు కాపరులను లెక్క అడిగిన దినాన్ని మాకు గుర్తు చేయి. సియోల్‌లో ధైర్యంగా నిలబడి సాక్ష్యం చెప్పిన ఆ ఆడబిడ్డలను ఆదరించు. మన ఊళ్లలో ఇంకా చెప్పలేకపోతున్నవాళ్లకు వినే చెవిని పంపు. ఆ చెవి మాదే కానివ్వు. మంచి కాపరివైన యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు, అమ్మగారు